తిరుగు టికెట్టు చరిత్ర

మన ఖుర్దారోడ్డు తెలుగువారిలో రైల్వే ఉద్యోగం లేని కుటుంబం ఉన్నదేమో గాని, తిరుగు టికెట్టు కొరకు తిప్పలు పడని కుటుంబం ఉండదు. పెళ్ళికో, పుష్కరాలకో విజయవాడ వెళ్ళడం ఒక ఎత్తు. సెలవు ముగిసేలోగా తిరిగి రావడం మరొక ఎత్తు. సంచికకు ఏదైనా వ్రాయమని సంఘంవారు అడిగినప్పుడు, నేను రోజూ కూర్చునే కౌంటరు వెనుకనున్న ఈ చరిత్రే నాకు తోచినది.

కంప్యూటర్లు రాకముందు బండికొకటి, తేదీకొకటిగా రిజిస్టర్లు ఉండేవి. మీ బండి రిజిస్టరు ఏ గుమాస్తా వద్ద ఉంటే ఆ వరుసలోనే నిలబడవలెను. తిరుగు ప్రయాణపు బెర్తుకు ఇక్కడినుండి తంతి వెళ్ళేది. జవాబు వచ్చేదాకా ఆ బెర్తు దైవాధీనం.

1985-86లో ఢిల్లీలో సి.ఎం.సి. అనే అప్పటి ప్రభుత్వరంగ సంస్థ తయారుచేసిన ‘ఇంప్రెస్’ అనే ఏర్పాటు మొదలైనది. ఫోర్ట్రాను భాషలో వ్రాసిన ప్రోగ్రాము అది. ఆ తరువాత నాలుగైదేండ్లలోపుననే ముంబయి, కలకత్తా, మద్రాసు, సికిందరాబాదులకు కూడా వచ్చినది. ఏ కిటికీలోనైనా ఏ బండికైనా టికెట్టు దొరకడం జనానికి వింతగా తోచినది. అయితే ‘ఏ బండికైనా’ అంటే ఆ కేంద్రపు బండ్లలో ఏ బండికైనా అని అర్థం. అయిదు కేంద్రాలు అయిదు వేరు కాపురాలు. మన ప్రాంతం కలకత్తా లెక్కలోనిది, విజయవాడ సికిందరాబాదు లెక్కలోనిది. కనుక తిరుగు టికెట్టు కష్టం మనకు తీరలేదు.

ఇక్కడ రెండు దారులున్నవి. నడుస్తున్న ప్రోగ్రామును కదపకుండా, ఒక కేంద్రపు యంత్రాన్ని మరొక ఊళ్ళో పెట్టి తీగె లాగడం ఒకటి. ఇల్లు కారినచోట పెంకు మార్చడం వంటిది ఇది. ఖర్చు తక్కువ, కాని ఊరూరికీ తీగె లాగుతూ పోతే అంతు ఉండదు. అయిదింటినీ కలిపే ఏర్పాటును కొత్తగా కట్టడం రెండవది. అందులో ప్రమాదం ఉన్నది. బెర్తు ఒక కేంద్రపు లెక్కలో ఉంటుంది, డబ్బు మరొక ఊరి కౌంటరులో పుచ్చుకుంటారు. బెర్తు పట్టుకున్న తరువాత, టికెట్టు అచ్చుకాకముందు, నడుమ తీగె తెగితే ఏమిటి గతి? ఒకే బెర్తు ఇద్దరికి అమ్ముడుపోరాదు. ఎవరికీ దక్కకుండా మాయమైపోనూరాదు. పైగా కౌంటర్లు మూసి కట్టుకోవడానికి వీలు లేదు. ముందుగా టికెట్టు కొన్న వేలమంది పేర్లు చెక్కుచెదరకుండా కొత్తదానిలోకి రావలెను.

1986లో రైల్వేలు స్థాపించుకున్న ‘క్రిస్’ సంస్థ రెండవ దారినే పట్టినది. కొత్త ఏర్పాటు పేరు ‘కాన్సర్టు’. కాన్సర్టు అంటే కచేరీ. మనకు పాటకచేరీ ఉన్నది, ఆఫీసు కచేరీ ఉన్నది. రెండు అర్థాలూ దీనికి కుదిరినవి! దీనిని అయిదు చోట్లా ఒక్కసారిగా దించలేదు. 1994లో ముందు సికిందరాబాదులో పెట్టి, తక్కినచోట్ల పాతదానినే నడుపుకున్నారు. అయిదు కేంద్రాలూ ఒకటిగా కలిసేసరికి 1999 ఏప్రిలు వచ్చినది. ఆలస్యమని విమర్శించవచ్చును గాని, కౌంటరులో కూర్చునే నా మట్టుకు నాకు ఆ నిదానమే సరియైనదిగా తోస్తుంది. కోటాలు, ఆర్.ఎ.సి., వెయిటింగు లిస్టు వంటి నియమాలు రిజిస్టర్ల కాలంనుండి వస్తున్న అనుభవం. వాటిని పారవేయలేదు, వాటిని మోసే చట్రాన్ని మార్చారు.

తరువాతి కథ క్లుప్తంగా చెబుతాను. 2002 ఆగస్టులో ఇంటర్నెట్టు టికెట్టు వచ్చినది. ఆ ద్వారం ఇరుకై, 2014లో కొత్తది పెట్టారు. నిమిషానికి 2,000 టికెట్లు ఇచ్చేది 7,200 ఇవ్వగలదైనది. లోపలి ఇల్లు మాత్రం కాన్సర్టే. 2025లో రైల్వే శాఖవారు లోపలి ఇంటినీ మారుస్తున్నామని, నిమిషానికి 32,000 టికెట్ల నుండి లక్షన్నరకు పెంచుతామని ప్రకటించారు. మళ్ళీ అదే ప్రశ్న, అవే జాగ్రత్తలు.

మొన్న మన వీధి మామ్మగారొకరు కౌంటరు వద్దకు వచ్చి, విజయవాడకు టికెట్టు తీసుకున్నారు. చిల్లర లెక్కపెట్టుకుంటూ, “తిరిగి వచ్చేది అక్కడే కొనుక్కోవాలా నాయనా?” అని అడిగారు. “అక్కరలేదు మామ్మగారూ, తేదీ చెప్పండి” అన్నాను.