తెర మీద నలుపు – 5: తిరిగి కొట్టిన చెంపదెబ్బ

“టాలెంట్ ఉంటే ఎవరాపుతారు? జనం టికెట్ కొంటే చాలు, సినిమాకు కులం లేదు, జాతి లేదు.” ఈ మాట మన పిల్లలకు హాస్టల్ గదుల్లో చెప్తారు, టీవీ చర్చల్లో చెప్తారు. మిత్రులారా, దీనికి హాలీవుడ్ చరిత్రే జవాబు చెప్పింది. ఈ భాగంలో అదే చూద్దాం.

1939 డిసెంబర్ 15న అట్లాంటాలో ‘గాన్ విత్ ద విండ్’ మొదటి ఆట పడింది. అందులో దాసీ మామీగా నటించిన హ్యాటీ మెక్‌డానియల్‌కు ఆ థియేటర్‌లోకి ప్రవేశం లేదు. కారణం జార్జియా రాష్ట్రపు వర్ణ విభజన చట్టాలు. రెండు నెలల తర్వాత అదే పాత్రకు ఆమెకు ఆస్కార్ వచ్చింది. ఆస్కార్ అందుకున్న మొదటి నల్లజాతి మనిషి ఆమే. ఆ రాత్రి ఆమెను మిగతా నటీనటులతో కూర్చోబెట్టలేదు, గోడ వారగా విడిగా ఒక చిన్న బల్ల వేశారు. రెండు గ్లాసుల పద్ధతి తెలిసిన మనకు ఆ బల్ల గురించి ఎవరూ వివరించనక్కర్లేదు. 1952లో ఆమె చనిపోయాక, తను కోరుకున్న హాలీవుడ్ శ్మశానం కూడా చోటివ్వలేదు.

టాలెంట్ లేకనా? 1919 నాటికే ఆస్కర్ మిషో తన నవలను తానే సినిమాగా తీశాడు. నల్లవాళ్లు తీసి, నల్లవాళ్లు నటించి, నల్లవాళ్ల హాళ్లలో ఆడిన సినిమాలు ఆ రోజుల్లో ఎన్నో. అడ్డుపడింది టాలెంట్ లేకపోవడం కాదు, వ్యాపార లెక్క. దక్షిణాది థియేటర్లు ఒప్పుకోవేమోనని స్టూడియోల భయం. అందుకే గాయని లీనా హార్న్ పాటలను కథతో సంబంధం లేకుండా విడిగా చిత్రీకరించేవాళ్లు. దక్షిణాదిలో కత్తిరించి పారేయడానికి అది సులువు. పైగా తెల్లవాళ్లకూ నల్లవాళ్లకూ మధ్య ప్రేమను తెర మీద చూపకూడదని హేస్ కోడ్ నిషేధం. ప్రేమించే హక్కు లేనివాడు హీరో ఎలా అవుతాడు?

ఈ గోడను కదిపింది ఉద్యమం. 1942లో ఎన్.ఏ.ఏ.సి.పి. నాయకుడు వాల్టర్ వైట్ హాలీవుడ్ వెళ్లి, నల్లవాళ్లను నౌకర్లుగా, బఫూన్లుగా చూపడం ఆపమని స్టూడియో పెద్దలను నిలదీశాడు. తర్వాత యుద్ధం నుంచి తిరిగొచ్చిన నల్ల సైనికులు, 1954లో బడుల్లో విభజన చెల్లదన్న సుప్రీంకోర్టు తీర్పు, మాంట్‌గొమరీ బస్సుల బహిష్కరణ. సిడ్నీ పోయిటియర్ ఎదిగింది ఆ గాలిలోనే.

ఆయన బహామాస్‌లో టమాటాలు పండించే పేద కుటుంబం పిల్లాడు. న్యూయార్క్‌లో అంట్లు తోముతూ బతికాడు. హార్లెమ్‌లోని అమెరికన్ నీగ్రో థియేటర్ ఆయన యాసను చూసి, చదవడం సరిగా రాదని వెనక్కి పంపేసింది. రేడియో కొనుక్కుని దాని ముందు కూర్చుని ఉచ్చారణ నేర్చుకున్నాడు. హోటల్‌లో పనిచేసే ఒక ముసలి యూదు వెయిటర్ పక్కన కూర్చోబెట్టుకుని పేపర్ చదివించాడు. 1964లో ఉత్తమ నటుడిగా ఆస్కార్ అందుకున్న మొదటి నల్లవాడు ఆయనే.

అదే 1964 వేసవిలో, ముగ్గురు హక్కుల కార్యకర్తలను చంపేసిన మిసిసిపీకి, ఉద్యమానికి డబ్బు మోసుకుని మిత్రుడు హ్యారీ బెలఫాంటేతో వెళ్లాడు. క్లాన్ మనుషులు ట్రక్కుల్లో వెంటపడ్డారు. అందుకే ‘ఇన్ ద హీట్ ఆఫ్ ద నైట్’ చేసేటప్పుడు దక్షిణాదికి రానన్నాడు. మిసిసిపీలో జరిగే కథను చాలావరకు ఇల్లినాయ్‌లో తీశారు. అందులో ఒక పత్తి తోట యజమాని నల్ల పోలీసు అధికారి చెంప మీద కొడతాడు. ఒక్క క్షణం కూడా ఆగకుండా ఆ అధికారి తిరిగి కొడతాడు. 1967లో ఆ దెబ్బ శబ్దం ఎంత దూరం వినపడిందో మీరు ఊహించుకోండి.

ఆ ఒక్క ఏడాదే మూడు హిట్లు. 1968లో థియేటర్ యజమానుల ఏటేటా ఓటింగులో దేశంలోనే నంబర్ 1 స్టార్ ఆయన. మూడింటిలో దేనికీ ఆయనకు ఆస్కార్ నామినేషన్ రాలేదు. ఆయన పక్కన నటించిన తెల్ల నటుడికి, తెల్ల నటికి మాత్రం అవార్డులొచ్చాయి.

విమర్శ మాత్రం సొంతవాళ్ల నుంచే వచ్చింది. నల్లజాతి నాటక రచయిత క్లిఫర్డ్ మేసన్ 1967 సెప్టెంబర్‌లో న్యూయార్క్ టైమ్స్‌లో గట్టిగా అడిగాడు: తెల్ల అమెరికా ఈయన్ను ఎందుకింత ప్రేమిస్తోంది? తెల్లవాళ్ల సమస్యలు తీర్చే మచ్చలేని మంచివాడిగానే ఉంటాడు కాబట్టి కాదా? మేసన్ మాటలో నిజముంది. ‘గెస్ హూ ఈజ్ కమింగ్ టు డిన్నర్’లో తెల్ల ఇంటికి అల్లుడవ్వాలంటే అతను ప్రపంచ ప్రఖ్యాత డాక్టర్ అయి ఉండాలి. పైగా పిల్ల తల్లిదండ్రులు ఒప్పుకుంటేనే పెళ్లి అని తనే షరతు పెట్టుకోవాలి. కలెక్టరైతే సరే, కూలీ అయితే చావే అనే లెక్క ఇది. మిర్యాలగూడ గుర్తున్నవాళ్లకు ఆ షరతులోని భయం అర్థమవుతుంది.

కానీ నేను పోయిటియర్‌ను దోషిగా నిలబెట్టను. తెర మీద ఒక్కడినే ఉండనిచ్చినప్పుడు ఆ ఒక్కడు మామూలు మనిషిగా ఉండలేడు. కోపం, కామం, తప్పు చేసే హక్కు అన్నీ వదులుకుని జాతి మొత్తానికి నమూనాగా నిలబడాల్సిందే. ఆ బరువును ఆయన మెడ మీద పెట్టింది వ్యవస్థ. ఆయన తర్వాత ఇంకో నల్ల నటుడికి ఉత్తమ నటుడి ఆస్కార్ రావడానికి 38 ఏళ్లు పట్టింది. 2002లో డెంజెల్ వాషింగ్టన్ గెలిచిన అదే రాత్రి హాలీ బెర్రీ ఉత్తమ నటి అయింది. ఆ అవార్డు అందుకున్న మొదటి నల్ల మహిళ ఆమే.

పోయిటియర్ కూడా అక్కడ ఆగలేదు. 1972లో ‘బక్ అండ్ ద ప్రీచర్’తో కెమెరా వెనక్కి వెళ్లాడు. కౌబాయ్ కథలో నల్లవాళ్లే హీరోలు. ముఖం చూపించే చోటు నుంచి, ఏం చూపించాలో నిర్ణయించే చోటుకు మారాడు. నాకు ఆయన ఆస్కార్ కన్నా ఇది పెద్ద విజయం.

మన దగ్గర ‘మాలపిల్ల’ వచ్చింది 1938లో. కథ చలానిది, దర్శకత్వం గూడవల్లి రామబ్రహ్మంది. మంచి సినిమానే, మన గురించి మాట్లాడింది. కానీ అందులో కథ చెప్పింది మనం కాదు.

ఈసారి ఎవరైనా “టాలెంట్ ఉంటే చాలు” అంటే మూడు ప్రశ్నలు వేయండి. కథ ఎవరిది? కెమెరా ఎవరి చేతిలో ఉంది? థియేటర్ ఎవరిది?

జై భీమ్.