కార్యాలయాలు కదిలిన కాలం: మద్రాసు నుంచి వెలగపూడి దాకా

పే కమిషన్ల గురించీ, సమ్మెల గురించీ మన సంచికల్లో చాలామంది రాశారు. ఆఫీసుల తరలింపు గురించి రాసినవారు తక్కువ. 1953లో మద్రాసు నుంచి కర్నూలుకు, 1956లో కర్నూలు నుంచి హైదరాబాదుకు, 2016లో హైదరాబాదు నుంచి వెలగపూడికి మన సచివాలయం మూటాముల్లె సర్దుకుంది. మొదటి రెండూ నేను చూసినవి కావు. కాని 1973లో నేను ఎల్.డి.సి.గా చేరేనాటికి, ఆ రెండు ప్రయాణాలూ చేసిన సూపరింటెండెంట్లు మా ఆఫీసులో ఇంకా ఉండేవారు. మధ్యాహ్నం టీ వేళ వారి నోట విన్నది కొంత, తరువాత చదివి తెలుసుకున్నది కొంత.

పొట్టి శ్రీరాములు గారు 1952 డిసెంబరు 15న అసువులు బాశారు. 19న నెహ్రూ గారు ఆంధ్ర రాష్ట్రం ఏర్పాటును ప్రకటించారు. జస్టిస్ వాంఛూ తన నివేదికలో తాత్కాలికంగా మద్రాసులోనే రాజధాని ఉండవచ్చునన్నారు. రాజాజీ గారు ససేమిరా అన్నారు. చివరకు 1953 మార్చిలో, ఆంధ్ర రాజధాని మొదటి రోజు నుంచీ ఆంధ్ర ప్రాంతంలోనే ఉండాలని కేంద్రం తేల్చింది. 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడికను బట్టి రాజధాని, హైకోర్టులలో ఏది కావాలో కోరుకునే హక్కు రాయలసీమది. జూన్‌లో కర్నూలు ఖాయమైంది. అక్టోబరు 1న రాష్ట్ర ప్రారంభం. అంటే చేతిలో ఉన్నది నాలుగు నెలలు! ఆడపిల్ల పెళ్లికైనా అంతకంటే ఎక్కువ గడువు పెట్టుకుంటాం.

అప్పటి కర్నూలు ఒక జిల్లా కేంద్రం మాత్రమే. ఉన్న భవనాలు చాలక గుడారాలు వేశారు. ఆఫీసులూ గుడారాల్లోనే, చాలామంది ఉద్యోగుల కాపురాలూ గుడారాల్లోనే. మద్రాసు నుంచి పెద్దలైనులో వచ్చి, గుంతకల్లులో సామానుతో దిగి, మీటరు గేజి బండి ఎక్కాలి. 1954లో హైకోర్టు గుంటూరులో వెలిసింది. ఇక రిట్ పిటిషన్ల పని చూసే గుమస్తా కట్ట చంకన పెట్టుకుని ఆ ఊరికీ ఈ ఊరికీ తిరగవలసిందే.

బల్లలు, బీరువాలు ఎలాగో చేరతాయి. అసలు చిక్కు రికార్డుతో. ఆర్.డిస్. శాశ్వతం, డి.డిస్. పదేళ్లు, కె.డిస్. మూడేళ్లు, ఎల్.డిస్. ఒక ఏడాది అని మనమంతా వల్లెవేసిన లెక్కే. తరలింపులో ఇంకొక లెక్క వచ్చిపడింది. ఏ ఫైలు ఆంధ్ర జిల్లాలది, ఏది మద్రాసుకు మిగలవలసినది, ఏది ఉమ్మడిది? ఉమ్మడి ఫైలుకు నకలు కావాలంటే టైపు కొట్టించాలి. జిరాక్సు లేని రోజులు. తొందరలో కట్టిన మూట ఎక్కడో ఒకచోట తప్పకుండా తప్పిపోతుంది.

దాని ఫలితం ముప్పై ఏళ్లకు కనబడింది. 1949లో మద్రాసులో చేరిన ఒక సూపరింటెండెంటు గారు రిటైరైనప్పుడు, ఆయన సర్వీసు రిజిస్టరులో తొలి రెండేళ్లకు వెరిఫికేషన్ సంతకం లేదని పెన్షన్ కాగితాలు వెనక్కి వచ్చాయి. ఆనాటి జీతం బిల్లులు, అక్విటెన్స్ రోల్స్ ఏ ఊళ్లో ఉన్నాయో చెప్పగలవారు లేరు. రెండేళ్లకు పైగా ఆంటిసిపేటరీ పెన్షన్‌తో నెట్టుకొచ్చారు. ఆ రోజుల్లోనే కూతురి పెళ్లి కూడా చేశారు, అప్పు చేసి.

1956 తరలింపులో భవనాల కొరత లేదు. సైఫాబాదులో సచివాలయం సిద్ధంగా ఉంది. ఈసారి చిక్కు మనుషులతో. రెండు రాష్ట్రాల ఉద్యోగులను ఒకే సీనియారిటీ జాబితాలోకి తేవాలి. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం 115వ సెక్షన్ పేరు చెబితే ఇప్పటికీ కొందరు పాత మిత్రులకు రక్తపోటు పెరుగుతుంది. ఉద్యోగాల్లో తనకున్న రక్షణలు పోతున్నాయని తెలంగాణ ఉద్యోగి బాధ. ఆర్డరు వచ్చి వస్తే పరాయివాడినయ్యానే అని కర్నూలు నుంచి వచ్చినవాడి బాధ. ఇద్దరిదీ నిజమే. మూటలు, బీరువాలు లెక్కపెట్టినంత శ్రద్ధగా మనుషుల సంగతి ఆలోచించలేదని నా అభిప్రాయం. ముల్కీ వివాదం, 1969, 1972 ఉద్యమాలు, 1973 ఆరు సూత్రాలు, 1975 రాష్ట్రపతి ఉత్తర్వులు మీకు తెలిసినవే. రెవెన్యూ శాఖలో పడినవారికి ఉర్దూ రికార్డు అదనం. సేత్వార్ అంటే ఏమిటో పక్క సీటు ఉద్యోగిని అడిగి నేర్చుకున్నామని, అక్కడే స్నేహాలు కుదిరాయని మా సూపరింటెండెంటు గారొకరు చెప్పేవారు.

2014 చట్టం హైదరాబాదును పదేళ్లకు మించకుండా ఉమ్మడి రాజధానిగా ఉంచింది. రెండేళ్లు తిరిగేసరికే ఆంధ్రప్రదేశ్ సచివాలయం కదిలింది. 2016 ఫిబ్రవరిలో వెలగపూడిలో శంకుస్థాపన, ఆ ఏడాదిలోనే తరలింపు. కర్నూలు కంటే ఇది మేలు. వారానికి ఐదు రోజుల పని ఇచ్చారు, ఇంటి అద్దె భత్యం పెంచారు, రైలు వేశారు. అన్నిటికంటే తెలివైన పని మరొకటుంది. నిర్ణీత గడువులోగా తరలివచ్చినవారిని స్థానికులుగానే పరిగణించేలా రాష్ట్రపతి ఉత్తర్వులను సవరించారు. ఇంటర్ చదివే పిల్లవాడున్న ఉద్యోగికి భత్యం కంటే ఆ కాగితమే ముఖ్యం. అయినా భర్త ఒక రాష్ట్రంలో, భార్య ఒక రాష్ట్రంలో ఉద్యోగం చేస్తూ శుక్రవారం రైలు కోసం ఎదురుచూసిన ఇళ్లు మన సభ్యుల పిల్లల్లోనే ఎన్నో ఉన్నాయి.

ఇక సైఫాబాదు సంగతి. 2019లో తెలంగాణ సచివాలయం పక్కనే ఉన్న బూర్గుల రామకృష్ణారావు భవన్‌కు మారింది. పాత భవనాలను 2020లో కూల్చారు. కొత్త సచివాలయం 2023 ఏప్రిల్ 30న ప్రారంభమైంది. దూరం కూతవేటు. సర్దడం మాత్రం రెండుసార్లూ సర్దవలసిందే.

మీ పిల్లలెవరి ఆఫీసైనా మారుతున్నదని తెలిస్తే, మూట కట్టేలోపు సర్వీసు రిజిస్టరు తెరిపించి, ఏటేటా వెరిఫికేషన్ సంతకాలు ఉన్నాయో లేదో చూసుకుని, ధ్రువీకరించిన నకలు ఒకటి ఇంట్లో పెట్టుకోమనండి. ఇక కర్నూలు గుడారాల్లో బాల్యం గడిపినవారు మన సభ్యుల కుటుంబాల్లో ఉంటే, ఆ జ్ఞాపకాలు నాలుగు ముక్కలు రాసి సంఘానికి పంపించండి. ఫొటో ఉంటే మరీ మంచిది.