గోదావరీ పుష్కరముల ఛాయాచిత్రములు: మాతృకలు, యంత్రప్రతులు

ఆంధ్రదేశ చరిత్రకు శాసనములు, కైఫీయతులు, తాళపత్రములు ఆధారములని చెప్పుట పరిపాటి. గడచిన నూరేండ్ల చరిత్రకు వీనితోపాటు మరియొక ఆధారము కలదు. అది ఛాయాచిత్రము, అందును గోడకు వ్రేలాడు పటము కాదు, దానికి మాతృకయైన నెగటివు. గోదావరీమండలమున ఈ నెగటివులు నేటికిని ఇండ్లలోని రేకుపెట్టెలలోను, మూతపడిన ఛాయాచిత్రశాలల అటకలమీదను పడియున్నవి. ఇవి నశింపకమునుపే వీనిని కంప్యూటరునకు ఎక్కింపవలెనని అందరును అనుచున్నారు. ఏ స్కానరుతో, ఏ సాఫ్ట్‌వేరుతో, ఏ కంప్యూటరుతో అను ప్రశ్నను మాత్రము యంత్రము నెఱిగినవారికి విడిచిపెట్టుచున్నారు. అది చరిత్రకారుడు తానే విచారింపవలసిన ప్రశ్నయని చూపుట ఈ వ్యాసమునందు మా ఉద్దేశము.

గోదావరీ పుష్కరములు ఈ విచారణకు చక్కని కాలమానమును సమకూర్చుచున్నవి. 1956, 1967, 1979, 1991, 2003, 2015 సంవత్సరములలో పుష్కరములు జరిగినవి. రాజమహేంద్రవరమున కోటిలింగాల రేవునందును, ఆవలి ఒడ్డున కొవ్వూరు గోష్పాదక్షేత్రమునందును ప్రతి పుష్కరమునకును చిత్రములు తీసినవారు కలరు. మొదటి మూడు పుష్కరముల చిత్రములలో నలుపు తెలుపు ఫిలిము హెచ్చు. 1991 నాటికి రంగుల నెగటివు ఇంటింటికిని వచ్చినది. 2003 నాటికి ఫిలిమునకు చివరి దశ సమీపించినది. 2015లో చేతిఫోనే కెమెరా యైనది. చిత్రముపై తేదీ లేకున్నను నదిపైని వంతెనలు దాని కాలమును చెప్పును. పాత హేవలాకు వంతెన యొక్కటియే కనబడినచో ఆ చిత్రము 1956 నాటిదో, 1967 నాటిదో యని ఊహింపవచ్చును. 1974లో తెఱవబడిన రోడ్డు, రైలు వంతెన కూడ కనబడినచో అది 1979కి పూర్వపు పుష్కరము కానేరదు.

ఈ మాతృకలకు మన డెల్టా వాతావరణమే ప్రధానశత్రువు. అసిటేటు ఫిలిము వేడికిని చెమ్మకును విచ్ఛిన్నమై, పులిసిన సిర్కావాసన నిచ్చుచు, ముడుచుకొనిపోవును. అట్లు పుట్టిన ఆమ్లమే ఆ విచ్ఛిన్నతను మఱింత త్వరపెట్టును. పైనున్న జెలటిను పొరను బూజు తినును. రంగుల ఫిలిములోని వర్ణద్రవ్యములు చీకటిలో నుంచినను క్రమముగా వెలసిపోవును. కావున ఆలస్యము చేయరాదనుట నిజమే. కాని తొందరలో చేసిన ప్రతి తప్పుదారి పట్టించునని మేము అనుభవముచే నేర్చుకొంటిమి.

కొంతకాలము క్రిందట ఒక ఛాయాచిత్రశాల వారసులు తమ పూర్వుల నెగటివుపెట్టె నొకదానిని మాకు చూడనిచ్చిరి. అందు 1979 పుష్కరపు నలుపు తెలుపు చుట్టలు కొన్ని యుండెను. మేము స్కానరులోని ధూళినివారణ సాధనమును ప్రయోగించి మొదటి చుట్టను ఎక్కించితిమి. తెరపై దుమ్ము పోయినది. దానితోపాటు రేవుమెట్లపైని జనుల ముఖములును అలికినట్లయినవి. కారణము విచారింపగా తప్పు మాదేయని తేలినది. అమెరికాలో అప్లైడ్ సైన్సు ఫిక్షను అను సంస్థ రూపొందించిన డిజిటల్ ఐస్ మొదలగు పద్ధతులు పరారుణ కిరణముపై ఆధారపడును. రంగుల ఫిలిములోని వర్ణద్రవ్యములు ఆ కిరణమును అడ్డగింపవు. ధూళియు గీతలును అడ్డగించును. అందుచే అడ్డు తగిలినదెల్ల మలినమని యంత్రము గ్రహించి, ప్రక్కనున్న దానితో పూరించును. నలుపు తెలుపు ఫిలిములో చిత్రము వెండిరేణువులతో ఏర్పడును. వెండి పరారుణమును అడ్డగించును. కావున యంత్రము చిత్రమునే మలినమని తలచి సవరింపబోవును. 1991 నాటి రంగుల నెగటివునకు ఉపకరించు సాధనము 1979 నాటి దానికి అపకారము చేసినది.

తెలుగుశాఖ వారికి ఇది క్రొత్త కథ కాదు. వ్రాయసకాడు తనకు తెలియని పదమును తప్పుగా నెంచి, తెలిసిన పదముతో దిద్దుట తాళపత్రములలో మనము నిత్యము చూచుచున్నదే. సాఫ్ట్‌వేరు అట్టి వ్రాయసకాడు. వర్షకాలమున గోదావరి ఎఱ్ఱనీరుతో పాఱును. రంగులను తానే సరిచూచు సాఫ్ట్‌వేరు ఆ ఎఱుపును దోషముగా నెంచి నీటిని బూడిదవన్నెకు మార్చును. ఫిలిమును తిరగవేసి పెట్టినచో కుడి యెడమలు తారుమారగును. పుష్కరచిత్రమున ఇది చిన్న దోషము కాదు. పితృతర్పణమునకు జందెమును కుడిభుజముపైకి మార్చుకొందురు. తిరగబడిన చిత్రమున సవ్యము అపసవ్యముగను, అపసవ్యము సవ్యముగను కనబడును. దేవకార్యము పితృకార్యముగా పఠింపబడును. దీనికి నివారణ ఫిలిము అంచుననే యున్నది. అచ్చట తయారీదారుని పేరును అంకెలును ముద్రితమై యుండును. అవి తిన్నగా చదువవచ్చినచో చిత్రమును తిన్నగా నున్నట్లే. అయినను పెక్కు సాఫ్ట్‌వేరులు అంచును కత్తిరించి చిత్రమును మాత్రమే యిచ్చును. గ్రంథాంతమందలి గద్యను విడిచి కావ్యమును ప్రతి చేయుట వంటిది ఈ పని.

ఇక కంప్యూటరు మాట. 1957లో అమెరికాలో రసెల్ కిర్ష్ తన కుమారుని చిత్రమును తొలిసారిగా కంప్యూటరులోనికి ఎక్కించినపుడు అందలి బిందువులు నిలువున 176, అడ్డమున 176 మాత్రమే. నేడు 24 మిల్లీమీటర్ల వెడల్పు, 36 మిల్లీమీటర్ల పొడవు గల నెగటివును అంగుళమునకు 4000 బిందువుల చొప్పున గ్రహించినచో బిందువులు రెండు కోట్లు మించును. రంగుల చిత్రమును ఒక్కొక్క వర్ణమునకు 16 బిట్ల చొప్పున ఉంచినచో ఒక చిత్రమునకే సుమారు 13 కోట్ల బైట్లగును. 36 చిత్రముల చుట్ట 460 కోట్ల బైట్లను మించును. 700 మెగాబైట్ల సీడీలో ఐదు చిత్రములు మాత్రమే పట్టును. కావున జ్ఞాపకశక్తియు నిల్వస్థలమును హెచ్చుగా గల కంప్యూటరు కావలయును.

అంతకంటె కఠినమైనది వేఱొకటి కలదు. ఫిలిము స్కానరులలో పేరెన్నికగన్న నికాన్ కూల్‌స్కాన్ యంత్రములలో 1998 నాటి ఎల్‌ఎస్-2000 నకు స్కజీ తీగయు, 2001 నాటి ఎల్‌ఎస్-4000 నకు ఫైర్‌వైరు తీగయు కావలయును. అట్టి ద్వారములు నేటి సాధారణ కంప్యూటరులకు లేవు. ఆ యంత్రముల తయారీయు ఆగిపోయినది. నికాన్ సొంత సాఫ్ట్‌వేరు 64 బిట్ల విండోసు కొఱకు రాలేదు. అద్దము చెడలేదు, దీపము చెడలేదు. మాట తెలిసిన దుబాసి లేకపోయెను. ఆ కొఱతను ఎడ్ హామ్రిక్ 1998లో వెలువరించిన వ్యూస్కాన్ కొంత తీర్చినది. అది పెక్కు సంస్థల యంత్రములతో పనిచేయును. జర్మనీలోని కీల్ నగరమున 1986లో ఏర్పడిన లేజర్‌సాఫ్ట్ సంస్థ వారి సిల్వర్‌ఫాస్ట్‌లో సూక్ష్మమైన సవరణసాధనములు హెచ్చు. కాని దాని అనుమతిని ఒక్కొక్క స్కానరు నమూనాకు వేఱుగా కొనుట ఆచారము. ఈ రెండింటను మాకు ముఖ్యముగా తోచిన గుణము సవరణశక్తి కాదు. యంత్రము చూచినదానిని చూచినట్లే, దిద్దక, వేఱు దస్త్రముగా నుంచు వీలు.

ఈ విచారణవలన మేము ఇట్లు నిర్ణయించుకొంటిమి. దిద్దని తొలిప్రతిని అంచులతో సహా టిఫ్ రూపమున ఉంచవలెను. సవరించిన ప్రతి వేఱుగా నుండవలెను. ఏమి సవరించితిమో వ్రాసి యుంచవలెను. పాత స్కానరుకొఱకు పాత ద్వారములు గల కంప్యూటరు నొకదానిని అంతర్జాలముతో సంబంధము లేకుండ ఆ పనికే ఉంచుట మేలు. ప్రతులు రెండు డిస్కులలో, రెండు వేఱువేఱు చోట్ల ఉండవలెను. బ్రౌను దొర పలు ప్రతులను సేకరించి పండితులచే సరిచూపించిన మార్గమే ఇది. 1922లో రాజమహేంద్రవరమున వెలసిన ఆంధ్రేతిహాస పరిశోధకమండలి వారి తరమునుండియు శాసనము వేఱు, దాని అచ్చు వేఱు, మన పఠనము వేఱు అను వివేకము మన ప్రాంతమునకు అలవడినదే.

పని ముగిసినపిమ్మట ఆ వారసులలో పెద్దవారు, “అన్నియు కంప్యూటరులోనికి ఎక్కినవి గదా, ఇక ఈ పెట్టె ఎందులకండీ? గోదావరిలో కలిపివేసెదము” అనిరి. మేము చెడిన తొలిప్రతిని, సరియైన రెండవప్రతిని వారి యెదుట ఉంచితిమి. మొదటిదానిలో ముఖము అలికిపోయిన స్త్రీ రెండవదానిలో స్పష్టముగా నుండెను. వారు చాలసేపు చూచి, ఆమె తమ మేనత్తయని గుర్తించిరి. పెట్టెను మరల ఇంటికి తీసికొనిపోయిరి.

మాతృక నిలిచియుండుటచేతనే మా పొరపాటు దిద్దుబాటైనది. రాబోవు వారికి మాకంటె మంచి యంత్రము, మంచి సాఫ్ట్‌వేరు లభించును. వారు మా ప్రతులలోని దోషములను పట్టుకొనవలెనన్నచో నెగటివు వారికి అందవలెను. 2027 పుష్కరచిత్రములకు అట్టి మాతృకలు అరుదుగా నుండును. ఉన్నవానినైనను కాపాడుకొనుట మన విధి.