కోస్టారికా అడవులు: టికెట్ వెనకున్న కథ

కోస్టారికా అనగానే రీల్స్‌లో మనకి ఏం కనిపిస్తుంది? చెట్టుకి తలకిందులుగా వేలాడే స్లోత్, ఎర్ర కళ్ల ఆకుపచ్చ కప్ప, మబ్బుల మధ్య ఊగే వంతెన. దేశం చూస్తే మన తెలంగాణలో సగం కూడా ఉండదు. అందులో దాదాపు పావు వంతు నేల పార్కులు, రిజర్వుల కిందే ఉంది. దాంతో అక్కడి జనం పుట్టుకతోనే అడవి ప్రేమికులు అనుకుంటాం. అస్సలు కాదు.

1940ల్లో ఆ దేశంలో ముప్పావు వంతు దాకా అడవే. 1980లు సగం గడిచేసరికి మిగిలింది పావు వంతు, అంతకన్నా తక్కువ అనే లెక్కలు కూడా ఉన్నాయి. ఎక్కడికి పోయింది? పెద్ద భాగం హాంబర్గర్లలోకి. అమెరికాకి చవకగా బీఫ్ కావాలి, ఇక్కడ పశువులకి గడ్డి కావాలి, గడ్డికి నేల కావాలి. పైగా అప్పటి చట్టం ఎలా ఉండేదంటే, చెట్లు కొట్టి చదును చేస్తే అది భూమిని "బాగు చేయడం" కింద లెక్క. అలా చేసినవాడికి పట్టా దొరకడం తేలిక. అడవిని అలాగే ఉంచినవాడు సోమరిపోతు!

ఇలాంటి టైంలో, 1955లో, స్వీడన్ నుంచి ఒలోఫ్ వెస్‌బర్గ్, డెన్మార్క్‌కి చెందిన ఆయన భార్య కారెన్ మోగెన్సెన్ నికోయా ద్వీపకల్పంలోని మోంటెసూమా దగ్గరికి వచ్చారు. పండ్ల తోట వేసుకుని ప్రశాంతంగా బతుకుదామని. కానీ చుట్టూ అడవి కళ్లముందే తరిగిపోతోంది. ద్వీపకల్పం చివర కాబో బ్లాంకో అనే కొస మాత్రం ఇంకా పచ్చగా ఉంది. దాన్ని కొనడానికి డబ్బు పంపమని వెస్‌బర్గ్ విదేశీ సంస్థలకి ఉత్తరాలు రాశాడు. ఇంటర్నెట్ లేదు, క్రౌడ్‌ఫండింగ్ అనే మాట లేదు, అయినా డబ్బొచ్చింది. ఇక ప్రభుత్వాన్ని ఒప్పించడానికి రాజధాని శాన్ హోసే ఆఫీసుల చుట్టూ ఎన్నిసార్లు తిరిగాడో! చివరికి 1963లో కాబో బ్లాంకో రిజర్వు అయింది. రూల్ కూడా కఠినమే, టూరిస్టులకి ప్రవేశం లేదు.

ఇక 1970. నేషనల్ పార్కుల విభాగం పెట్టారు. విభాగం అంటే ఏదో పెద్ద బిల్డింగ్ ఊహించుకోకండి. మొదట్లో ప్రధానంగా ఇద్దరు కుర్రాళ్లు, మారియో బోసా, అల్వారో ఉగాల్దే. వాళ్లు చేసిన ఒక పని నాకు చాలా తెలివిగా అనిపిస్తుంది. మొదటి పార్కుల్లో ఒకటిగా సాంతా రోసాని తీసుకున్నారు. 1856లో విలియం వాకర్ అనే అమెరికన్ పంపిన కిరాయి మూకని కోస్టారికా జనం తరిమికొట్టింది అక్కడే. చెట్ల కోసం అంటే పట్టించుకోని నాయకుడు కూడా యుద్ధభూమి కోసం అంటే కాదనలేడు కదా! 1948లోనే సైన్యాన్ని రద్దు చేసుకున్న దేశం, యుద్ధం పేరు చెప్పి అడవిని కాపాడుకుంది. భలే ఉంది కదూ.

ఇప్పుడు బాధ కలిగించే భాగం. దక్షిణాన ఓసా ద్వీపకల్పంలో కోర్కోవాడో అనే మహారణ్యం ఉంది. దాన్ని కూడా పార్కు చేయాలని 1975లో వెస్‌బర్గ్ చూడటానికి వెళ్లాడు. తిరిగి రాలేదు. అక్కడే అతన్ని చంపేశారు. అదే ఏడాది అక్టోబర్‌లో అధ్యక్షుడు డానియెల్ ఒదుబెర్ కోర్కోవాడోని నేషనల్ పార్కుగా ప్రకటించాడు.

అయితే కథ ఇక్కడితో సుఖాంతం కాదు. అప్పటికే లోపల పంటలేసుకుని బతుకుతున్న కుటుంబాలున్నాయి. వాళ్లని పరిహారం ఇచ్చి బయటికి పంపారు. 1980ల్లో పనుల్లేని పేదలు బంగారం కోసం పార్కు నదుల్లో ఇసుక జల్లెడ పట్టడం మొదలెట్టారు. నీళ్లన్నీ బురదే. వాళ్లని పోలీసులు ఖాళీ చేయించారు. వాళ్లు రాజధానికి వెళ్లి మా బతుకు మాటేంటని అడిగారు. అడవి గెలిచింది నిజమే, ఖర్చు ఎవరి జేబులోంచి పోయిందో కూడా చూడాలి. నల్లమలలో చెంచుల్ని టైగర్ రిజర్వు నుంచి బయటికి పంపాలనే మాట వచ్చినప్పుడల్లా మన దగ్గర లేచే ప్రశ్న కూడా ఇదే.

ఆ ప్రశ్నకి కొంత జవాబు 1996 అటవీ చట్టంలో ఉంది. అడవి నరికి వేరే పనికి వాడటం నిషేధం అన్నారు. దాంతో పాటు, తన నేలలో చెట్లు నిలబెట్టిన రైతుకి డబ్బిస్తామన్నారు. నిధులెక్కడివి? ప్రధానంగా పెట్రోల్, డీజిల్ పన్నులో ఒక వాటా. ఒకప్పుడు చెట్టు కొడితే పట్టా, ఇప్పుడు ఉంచితే చెక్కు. గొడ్డు మాంసం ధరలు పడిపోవడం, టూరిజం పెరగడం కూడా కలిసొచ్చాయి. ఈరోజు దేశంలో సగానికి పైగా మళ్లీ అడవే.

వెళ్లాలనుకుంటే ఒక మాట. కోర్కోవాడోకి ముందే పర్మిట్ తీసుకోవాలి, 2014 నుంచి సర్టిఫైడ్ గైడ్ లేకుండా లోపలికి పంపరు. కాబో బ్లాంకోలో ఇప్పుడు కొంత భాగమే సందర్శకులకి తెరిచారు, మిగతాది జంతువులకే. లోపలి దారుల్లో ఒకదాని పేరు సెందెరో సువెకో, అంటే "స్వీడన్ వాడి బాట". సోమ, మంగళవారాల్లో మూసేస్తారు, చూసుకుని వెళ్లండి.