టేకు కొంటున్నారా? చేవ, తేమ, కొలత, పర్మిట్.. ఈ నాలుగూ చూశాకే డబ్బు కట్టండి

సిమెంటు బస్తా మీద గ్రేడు ఉంటుంది. స్టీలు కడ్డీ మీద కంపెనీ ముద్ర ఉంటుంది. టేకు చెక్క మీద మాత్రం ఏమీ రాసి ఉండదు. టింబర్ డిపోలో చెప్పిన మాట నమ్మి పెద్ద మొత్తం కట్టేస్తాం. నాలుగేళ్లు తిరగకుండానే గుమ్మానికి చెదలు పడితే అడగడానికి చేతిలో కాగితం కూడా ఉండదు. అందుకే కొనేముందే ఏం చూడాలో తెలుసుకోండి.

టేకుకు ఎందుకంత పేరు?

టేకు శాస్త్రీయ నామం టెక్టోనా గ్రాండిస్. తెలంగాణలో ఆదిలాబాద్, మంచిర్యాల వైపు అడవుల్లో సహజంగా పెరుగుతుంది. ఈ కలపలో సహజంగానే నూనె ఉంటుంది. టెక్టోక్వినోన్ అనే పదార్థం చెదలను దగ్గరకు రానివ్వదు. ఎండకూ వానకూ టేకు ఉబ్బడం, కుంచించుకుపోవడం తక్కువ. అందుకే తలుపు వానాకాలంలో బిగుసుకుపోకుండా, వేసవిలో సందులు పడకుండా ఉంటుంది.

బరువుగా ఉంటేనే మంచి టేకు అనుకోవడం పొరపాటు. ఆరిన టేకు ఘనపు మీటరుకు సుమారు 650 కిలోలు తూగుతుంది. నల్లమద్ది అంతకంటే బరువు. పచ్చి చెక్క కూడా బరువుగానే ఉంటుంది.

చేవ ఎంత ఉందో ఎలా చూడాలి?

పైన చెప్పిన గుణాలన్నీ దుంగ మధ్యలో ముదురు రంగులో ఉండే చేవకే వర్తిస్తాయి. దాని చుట్టూ ఉండే తెల్లటి భాగాన్ని చెదలు, పురుగు సులువుగా తింటాయి. అది టేకు చెట్టుదే అయినా సరే.

అటవీ శాఖ తోటల్లో టేకును సాధారణంగా 50 ఏళ్లు దాటాక కొడతారు. పొలం గట్ల మీద పెంచినది 15-20 ఏళ్లకే మార్కెట్‌కు వస్తుంది. లేత చెట్టు కలపకు బలం మరీ తక్కువేమీ కాదు. కానీ అందులో చేవ తక్కువ, తెల్ల భాగం ఎక్కువ.

- రంగు, పాలిష్ వేయని చెక్కనే చూపించమనండి. పాలిష్ వేస్తే తెల్ల భాగం కనిపించదు.
- చెక్క చివర కోసిన వైపు ఫోన్ టార్చి వేసి చూడండి. వార్షిక వలయాల వెంట సన్నని రంధ్రాలు వరుసగా కనిపించాలి.
- కొత్తగా కోసిన చోట తోలు వాసన వస్తుంది. చేత్తో రుద్దితే కాస్త జిడ్డుగా తగులుతుంది.

ఘనా, బర్మా, ఆఫ్రికన్.. అన్నీ ఒకటేనా?

ఘనా నుంచి వచ్చే తోట టేకు మన టేకు జాతే. ‘ఆఫ్రికన్ టేకు’ పేరుతో అమ్మే ఇరోకో మాత్రం వేరే చెట్టు. అది చెడ్డ కలపేమీ కాదు, కానీ టేకు ధర పెట్టి కొనాల్సిన పని లేదు. మయన్మార్ 2014 ఏప్రిల్ నుంచి ముడి దుంగల ఎగుమతిని నిషేధించింది. ‘బర్మా టేకు దుంగ’ అని ఎవరైనా చెబితే దిగుమతి పత్రాలు అడగండి. పెద్ద మొత్తంలో కొంటూ అనుమానం వస్తే, బెంగళూరులోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వుడ్ సైన్స్ అండ్ టెక్నాలజీకి ముక్క పంపి జాతిని నిర్ధారించుకోవచ్చు.

తేమ ఎంత ఉండాలి?

తలుపులు, కిటికీలకు వాడే చెక్కలో తేమ 12 శాతం దగ్గర ఉంటే మంచిది. తేమ మీటరు పెట్టి చూపించమని డిపోలో అడగండి. పచ్చి చెక్కతో చేసిన తలుపు ఎంత మంచి టేకుదైనా ఆరేకొద్దీ వంకర తిరుగుతుంది. గుమ్మం నిలబెట్టే ముందు గోడకు ఆనే వైపు, నేలను తాకే చివరలకు చెద నివారణ మందు పూయించండి.

కొలతలో తేడా ఎక్కడ వస్తుంది?

కలపను ఘనపు అడుగుల్లో అమ్ముతారు. లెక్క తేలికే: వెడల్పు (అంగుళాలు) × మందం (అంగుళాలు) × పొడవు (అడుగులు) ÷ 144.

ఉదాహరణకు 5×3 అంగుళాల గుమ్మానికి రెండు 7 అడుగుల నిలువు చెక్కలు, గడపతో కలిపి రెండు 4 అడుగుల అడ్డ చెక్కలు కావాలి. మొత్తం 22 అడుగులు. అంటే సుమారు 2.3 ఘనపు అడుగులు. చిత్రిక పట్టాక అదే చెక్క 4¾×2¾ అంగుళాలకు తగ్గితే మీ చేతికి వచ్చేది దాదాపు 2 ఘనపు అడుగులే. చిత్రికకు ముందు కొలతకు ధర కడుతున్నారా, తర్వాత కొలతకా అన్నది బేరం దగ్గరే తేల్చుకోండి.

పర్మిట్ మనకెందుకు?

1967 అటవీ చట్టం ప్రకారం అక్రమ కలపనూ, దాన్ని తరలించే వాహనాన్నీ అధికారులు స్వాధీనం చేసుకోవచ్చు. కలప ఎక్కడిదో చూపించాల్సింది అది ఎవరి దగ్గర ఉంటే వారే. సొంత పొలంలో పెంచిన టేకు అయినా నరకడానికి, తరలించడానికి అనుమతి తీసుకోవాలి. ఊరి నుంచి చెక్క తెచ్చుకుని సిటీలో ఇల్లు కట్టుకునేవారు ముఖ్యంగా ఇది గుర్తుంచుకోవాలి.

డిపోలో కొంటే జాతి పేరు, కొలత, జీఎస్టీ ఉన్న బిల్లు తీసుకోండి. ట్రాన్సిట్ పర్మిట్ వివరాలు అడగండి. కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభించిన నేషనల్ ట్రాన్సిట్ పాస్ విధానంలో ఇచ్చే పర్మిట్ల మీద క్యూఆర్ కోడ్ ఉంటుంది. ‘బిల్లు లేకుండా అయితే తగ్గిస్తాం’ అంటే ఆ తగ్గింపు వద్దనండి. రేపు తనిఖీలో ఇబ్బంది పడేదీ, చెదలు పట్టినప్పుడు అడగలేకపోయేదీ మీరే.

అన్నిటికీ టేకే వాడాలా?

అక్కర్లేదు. ఎండావానా తగిలే సింహద్వారం, బయటి కిటికీలకు టేకు పెట్టండి. లోపలి గుమ్మాలకు బాగా ఆరిన వేప, నల్లమద్ది సరిపోతాయి. బాత్రూమ్ తలుపులకు పీవీసీ చాలు. అలా మిగిలిన డబ్బుతో సింహద్వారానికి తెల్ల భాగం లేని చేవ చెక్క కొనుక్కోవచ్చు.