మనుచరిత్రలోని హిమసీమ

16వ శతాబ్దంలో, శ్రీకృష్ణదేవరాయల ఆస్థానకవి అల్లసాని పెద్దన రచించిన ‘మనుచరిత్ర’లో బ్రాహ్మణుడైన ప్రవరుడు చేరే హిమాలయ ప్రాంతమే ఈ హిమసీమ. కథకు మూలం మార్కండేయ పురాణం. తెలుగు కావ్యాల్లో చీకటి కమ్మిన మంచు మాయాలోకానికి ఇది చక్కని ఉదాహరణ. ఎందుకంటే ఇక్కడ కథను నడిపేది మంచే. ఒక సిద్ధుడిచ్చిన, కోరిన చోటికి చేర్చే పాదలేపం మంచుకు కరిగిపోవడం వల్లనే ప్రవరుడికి ఇంటిదారి మూసుకుపోతుంది, అప్సరస వరూధిని తారసపడుతుంది.

సెలయేళ్లతో, వనాలతో మెరిసే ఈ సీమను చీకటిలోకమని ఎలా అంటారని అడగవచ్చు. కానీ చీకటి ఇక్కడ మోసం రూపంలో ఉంది. ప్రవరుడు అగ్నిదేవుణ్ణి ప్రార్థించి ఇల్లు చేరాక, ఒక గంధర్వుడు అతని రూపం దాల్చి వస్తాడు. వరూధిని అతణ్ణి ప్రవరుడనే నమ్ముతుంది. మనిషి బయటపడ్డ మాయలో అప్సరసే చిక్కుకుంటుంది. వరూధినికి, ఆ గంధర్వుడికి పుట్టిన స్వరోచి కుమారుడే కావ్యం పేరులోని స్వారోచిష మనువు. కాబట్టి ఈ హిమసీమను వర్ణనకోసం వేసిన తెరగా కాక, కావ్యానికి ఇరుసుగా చూడాలి.