వోల్టేజి కరువు కన్న కిటుకు

పాత స్టీరియో యాంప్లిఫయర్‌లోని రెండు చానెళ్లనూ కలిపి ఒకే సబ్‌వూఫర్‌కు కట్టడాన్ని బ్రిడ్జింగ్ అంటారు. ఒక చానెల్‌కు సిగ్నల్‌ను ఉన్నదున్నట్టు, రెండోదానికి తలకిందులు చేసి పంపుతారు. స్పీకరు వైర్లు రెండూ ప్లస్ టెర్మినళ్లకే వెళ్తాయి. ఒక కొస పైకి లేచినప్పుడు రెండో కొస అంతే కిందికి దిగుతుంది కాబట్టి స్పీకరు మీద వోల్టేజి రెట్టింపవుతుంది. వోల్టేజి రెట్టింపైతే లెక్క ప్రకారం పవర్ నాలుగింతలు. ఈ నాలుగింతల మాటే బ్రిడ్జింగ్‌కు పేరు తెచ్చింది, ఎన్నో మంచి యాంప్లిఫయర్లను కాల్చిందీ అదే. ఈ పద్ధతి ఎక్కడ, ఏ అవసరంలో పాతుకుపోయిందో గమనిస్తే దాని హద్దు తెలుస్తుంది: బ్రిడ్జింగ్ వోల్టేజి కరువుకు విరుగుడు. కరెంటు కరువున్న చోట దానివల్ల మేలు జరగదు, కీడే జరుగుతుంది.

వాల్వుల కాలంలో దీని అవసరం పెద్దగా పడలేదు. 1959లో వచ్చిన డైనాకో స్టీరియో 70నే చూడండి. చానెల్‌కు 35 వాట్లు, ప్రతి చానెల్‌కూ ఒక అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్. వాల్వులో వందల వోల్టులు ఉంటాయి, వాటిని స్పీకరుకు తగినట్టు దించడమే ట్రాన్స్‌ఫార్మర్ పని. స్పీకరు 4 ఓమ్‌లైనా 16 ఓమ్‌లైనా దానికి తగిన ట్యాప్ ఉండేది. మోనోలో ఎక్కువ పవర్ కావాలంటే రెండు చానెళ్లనూ పక్కపక్కనే జత చేసేవారు, భారం సగం సగం పంచుకునేవి. 1956లో ఆర్‌సీఏలో పనిచేసిన హెచ్.సి. లిన్ అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ లేని ట్రాన్సిస్టర్ సర్క్యూట్‌ను ప్రచురించాక కథ మారింది. బరువు, ఖర్చు తగ్గాయి, కానీ వోల్టేజికి ఒక కప్పు ఏర్పడింది. సప్లై ఎంతో అవుట్‌పుట్ అంతకు మించి ఊగలేదు. సప్లైని పెంచుదామంటే ట్రాన్సిస్టర్లు ఓర్చవు. మన మెకానిక్‌లందరికీ తెలిసిన 2ఎన్3055 ఓర్చేది 60 వోల్టులే, కానీ కరెంటు మాత్రం 15 ఆంపియర్ల దాకా మోస్తుంది. కరెంటు పుష్కలం, వోల్టేజి కొరత: బ్రిడ్జింగ్‌కు అసలు చోటు ఇదే.

ఆ కొరత అన్నిటికన్నా తీవ్రంగా ఉన్నది కారులో. ఇంజన్ నడుస్తున్నప్పుడు బ్యాటరీ దగ్గర దొరికేది సుమారు 14.4 వోల్టులు. మామూలు సర్క్యూట్ అందులో సగమే ఇటూ అటూ ఊగగలదు. నష్టాలేమీ లేవనుకున్నా 4 ఓమ్‌ల స్పీకరుకు అందేది 6.5 వాట్లే. బ్రిడ్జ్ కడితే అదే బ్యాటరీ మీద దాదాపు 26 వాట్ల దాకా లెక్క తేలుతుంది. సాన్యో వారి ఎల్ఏ4440 ఐసీ ఈ లెక్కకు ప్రాణం పోసింది. ఒక్క చిప్పులో రెండు చానెళ్లు. స్టీరియోగా వాడితే చానెల్‌కు 6 వాట్లు, బ్రిడ్జ్ చేస్తే 19 వాట్లని డేటాషీట్ చెబుతుంది. మన దేశంలో అసెంబుల్డ్ యాంప్లిఫయర్ల తరం ఈ ఐసీ మీదే నడిచిందంటే అతిశయోక్తి కాదు. హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీ లాంటి బజార్లలో విడిభాగాలు కొని, బ్యాటరీ మీద, చిన్న ట్రాన్స్‌ఫార్మర్ మీద పాట పెట్టుకున్నవారికి 4440 బోర్డు ఒక వరం. డబ్బూ వోల్టేజీ రెండూ తక్కువైన చోట పుట్టిన ఈ పనితనాన్ని చిన్నచూపు చూడటం అన్యాయం.

సబ్‌వూఫర్ ఈ కథలోకి మరో దారిన వచ్చింది. 1974 నాటి హాలీవుడ్ చిత్రం 'ఎర్త్‌క్వేక్' కోసం యూనివర్సల్ సంస్థ సెన్సరౌండ్ పద్ధతిని తెచ్చి, సెర్విన్-వేగా వారి భారీ వూఫర్లతో థియేటర్లను కంపింపజేసింది. మెల్లగా అలాంటి బేస్ కావాలన్న కోరిక ఇళ్లలోకీ పాకింది. బేస్‌కు రెండు చానెళ్లు అక్కర్లేదన్నదీ నిజమే. అంత కింది స్వరాలు ఏ దిక్కు నుంచి వస్తున్నాయో చెవి సరిగా పోల్చుకోలేదు. స్టీరియో ఎల్‌పీ రికార్డుల్లో కూడా సూది గాడి తప్పకుండా ఉండటానికి బేస్‌ను చాలాసార్లు మోనోగా కలిపే కోసేవారు. రెండు చానెళ్లూ ఒకే పని చేస్తున్నప్పుడు వాటిని ఒకటిగా కట్టేద్దామనే ఆలోచన రావడం సహజం.

కానీ ఇంటి స్టీరియోకు ఉన్న కరువు కారుకున్న కరువు లాంటిది కాదు. చానెల్‌కు 40 వాట్ల యాంప్లిఫయర్ 8 ఓమ్‌ల స్పీకరుకు 2.2 ఆంపియర్లు ఇస్తుంది. అదే స్పీకరును బ్రిడ్జ్ చేస్తే వోల్టేజితో పాటు కరెంటూ రెట్టింపై 4.5 ఆంపియర్లకు చేరుతుంది. ఒక్కో చానెల్‌కు తన ముందున్నది 4 ఓమ్‌ల భారమే అనిపిస్తుంది. చాలా సబ్‌వూఫర్లు 4 ఓమ్‌లవి. అప్పుడు ఒక్కో చానెల్ 2 ఓమ్‌ల మీద దాదాపు 9 ఆంపియర్లు తోడాలి. రెండు చానెళ్లకూ కలిపి ఒకే పవర్ ట్రాన్స్‌ఫార్మర్, ముప్పై నలభై ఏళ్లు ఎండిన కెపాసిటర్లు, చిన్న హీట్ సింక్ ఉన్న పెట్టెకు అది మోయలేని బరువు.

ఎన్ఏడీ 2200 వంటి పవర్ యాంప్లిఫయర్లకు కంపెనీయే బ్రిడ్జ్ స్విచ్ పెట్టింది కదా అని ఎవరైనా అడగవచ్చు. పెట్టింది, దానికి తగ్గ కరెంటు నిల్వతో. అలాంటి యంత్రాల మాన్యువళ్లు బ్రిడ్జ్‌లో మామూలుగా 8 ఓమ్‌లకు తక్కువ స్పీకరు వద్దనే చెబుతాయి. స్విచ్ లేని యంత్రంలో తలకిందుల సిగ్నల్‌కు వేరే సర్క్యూట్ కట్టుకోవాలి. పైగా స్పీకరు కొసల్లో ఏదీ గ్రౌండ్ కాదన్న సంగతి మరిస్తే అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు దక్కవు. సంగీతంలో పెద్ద శబ్దం క్షణమే కదా అన్నది మరో వాదన. తబలా దెబ్బకు అది చెల్లుతుంది. సినిమాలో సెకన్ల కొద్దీ సాగే గర్జనకు, డీజే బేస్‌కు చెల్లదు. అవి వేడిని పోగేస్తాయి. పాత యాంప్లిఫయర్ మీద మమకారం ఉన్నవారికి రెండు కాయిల్స్ ఉన్న సబ్‌వూఫర్ మేలైన దారి. బేస్‌ను మోనో చేసి రెండు చానెళ్లకూ పంపి, ఒక్కో చానెల్‌కు ఒక్కో కాయిల్ కడితే చాలు. కాయిల్ 8 ఓమ్‌లదైతే ఏ చానెల్ మీదా అదనపు భారం పడదు, రెండింటి పవరూ ఒకే కోన్‌కు చేరుతుంది.

బ్రిడ్జింగ్ మాత్రం తనకు తగిన చోట ఇప్పటికీ నడుస్తూనే ఉంది. యూఎస్‌బీ 5 వోల్టుల మీద పనిచేసే పీఏఎం8403 చిప్పులో రెండు చానెళ్లూ లోపలే బ్రిడ్జ్ అయి ఉంటాయి. సగం ఊపుతో 4 ఓమ్‌ల మీద సుమారు ముప్పావు వాటే దక్కే చోట, చానెల్‌కు 3 వాట్లు వస్తున్నది అందుకే.